‘ఆయన’ అని రాసిన పొట్లం

ప్రెస్సులో అతనికి ఎర్రసిరా అని పేరు పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే బల్ల ముందు, ఒకే కిటికీ పక్కన కూర్చుని ఎర్ర పెన్నుతో అచ్చుతప్పులు దిద్దడమే ఉద్యోగం కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. మందు సీసా మీద చీటీ చదివినా, బస్సు వెనకాల ప్రకటన చదివినా అతని చెయ్యి తనంతట తనే జేబులో పెన్ను కోసం తడుముకునేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదులెండి, ఉద్యోగం అంటించిన జబ్బు. ఉద్యోగం సాయంత్రం ఐదింటితో అయిపోయేది. జబ్బు మాత్రం చేతిసంచీతో పాటు ఇంటికి కూడా వచ్చేది.

ఇంట్లో ఆ జబ్బుని భరించిన మనిషి పోయి ఐదు నెలలైంది. పిల్లలు లేరు. ముందుగది, మంచం పట్టేంత మధ్యగది, వంటగది, అన్నీ కలిపి పదహారు అంగలు. తోచక ఒక ఆదివారం కొలిచాడు. పొద్దున తాళం వేసేటప్పుడు “వస్తానూ” అనడం మాత్రం మానలేకపోయాడు. అనేశాక ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని మెట్లు దిగేవాడు. సాయంత్రం వచ్చీ రాగానే రేడియో పెట్టేవాడు. వినడానికని కాదు, గదిలో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి కదా. అందులో వాళ్ళు పలికే తప్పులు కూడా పట్టేవాడు, పట్టి ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకునేవాడు.

వంటగది వెనక తలుపు తీస్తే చిన్న పెరడు. అది భార్య రాజ్యం. బట్టల తీగ దాటి అతను అడుగు పెట్టిన పాపాన పోలేదు. “నాకు మొక్కల సంగతి తెలీదు” అని నలుగురిలో కాస్త గొప్పగానే చెప్పుకునేవాడు. తెలియకపోవడం కూడా గొప్పే కొంతమంది మగవాళ్ళకి.

పక్కింట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ ఉంది. భార్యని అక్కా అని పిలిచేది, ఆ వరసలో ఇతను బావగారయ్యాడు. ఒకరోజు పొద్దున్నే, అతను తువ్వాలు ఆరేస్తుండగా గోడ మీంచి పలకరించింది.

“బావగారూ, విత్తనాలు పెట్టే రోజులు దాటిపోతున్నాయి. అక్క దాచినవి ఎక్కడున్నాయో చూడండి. ఒక్క ఏడు నేలలో పడకపోతే మళ్ళీ ఏటికి సగానికి సగం చచ్చూరుకుంటాయి.”

“నాకేం తెలుసమ్మా అవన్నీ.”

“తెలుసుకోండి. ఆ మడులు బోడిగా ఉంటే నాకే చూడబుద్ధి కావట్లేదు.”

వంటగది పై అరలో, పిండి డబ్బా వెనకాల, మూత బిగుసుకుపోయిన బిస్కెట్ల డబ్బాలో దొరికాయవి. చిన్నచిన్న కాగితప్పొట్లాలు, నాలుగు మూలలూ మడిచి దారంతో కట్టినవి. ఆ కాగితాలు చూసి ఎర్రసిరా ఆశ్చర్యపోయాడు. అన్నీ అతను ప్రెస్సునుంచి తెచ్చి పారేసిన ప్రూఫులే. ఒక పొట్లం మీద ఎవరిదో నవల సగం వాక్యం, పక్కన తన ఎర్ర గీత. ఇంకోదాని మీద వ్యాకరణ పుస్తకం ముక్క, దానికీ తన గీతలే. వాటి మీదే ఆమె పెన్సిలుతో పేర్లు రాసుకుంది.

కూరగాయల పేర్లు కావు. మొదటి పొట్లం మీద ‘పెద్దొదన’ అని ఉంది. పెద్దొదిన అని రాయాల్సింది, గుడి ఎగిరిపోయింది. తరవాతది ‘మెనత్త’. ఇంకొకటి ‘మషను చెల్ల’, అంటే మిషను చెల్లి, పక్కింటావిడే. విప్పితే సొరగింజలు. సొరపాదు పక్కింటినుంచి వచ్చిందని అతనికి కూడా తెలుసు. అప్పుడర్థమైంది: ఏ గింజ ఎవరిచ్చారో వాళ్ళ పేరే పొట్లానికి పెట్టుకుంది. వంగ అంటే పెద్దొదిన, చిక్కుడంటే మేనత్త. ఆమె పెరట్లో కూరగాయలు కాదు, మనుషులు కాశారన్నమాట. అలవాటు కొద్దీ అతని చెయ్యి జేబులోకి వెళ్ళింది. వెళ్ళి, పెన్ను పట్టుకుని, బయటికి రాకుండా అక్కడే ఆగింది.

అన్నిటికన్నా అడుగున ఒక పొట్లం ఉంది. మిగతావాటికి ఒక చుట్టు దారం, దీనికి రెండు చుట్లు. మీద ‘ఆయన’ అని ఉంది. లోపల బూడిదరంగు గుండ్రటి గింజలు, లెక్కపెడితే పద్నాలుగు.

పొట్లాన్ని వెలుతురుకి పట్టి ఆ మాట మళ్ళీ చదివాడు. ఆమె ఎవరితో మాట్లాడినా ఆయన అంటే తనే. “ఆయన ఇంకా రాలేదు,” “ఆయనకి కారం పడదు,” “ఆయన చదువుకుంటున్నారు, మెల్లిగా మాట్లాడు.” ఐతే ఈ డబ్బాలో, ఆమె మనుషుల మధ్య, తనకీ ఒక పొట్లం ఉంది! పెద్దొదిన పక్కన, మేనత్త పక్కన తను. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టుకు తిన్నాడు. ఐదు నెలల్లో అదే మొదటిసారి.

సంతోషం మర్నాటి దాకా కూడా నిలవలేదు. ప్రెస్సులో ప్రూఫు ముందు కూర్చున్నాక లోపలి దిద్దుబాటుగాడు నిద్రలేచాడు. గింజ ఇచ్చినవాళ్ళ పేరు కదా పొట్లం మీద ఉండేది? మరి తనెప్పుడు ఇచ్చాడు గింజ? బట్టల తీగే దాటని మనిషి! ఎంత గుర్తు చేసుకున్నా ఒక్క విత్తనం తెచ్చి ఆమె చేతిలో పెట్టిన జ్ఞాపకం లేదు. అప్పుడు ఆమె చేసే తప్పులు గుర్తొచ్చాయి. అవి అతనికి కంఠతా వచ్చు. ఆమె గుళ్ళు ఎగరగొట్టేది, అకారానికి ఆకారం, ఆకారానికి అకారం రాసేది. సరుకుల చీటీలో అల్లం ఆల్లమయ్యేది, ఆవాలు అవాలయ్యేవి. ఆ లెక్కన ‘ఆయన’లో మొదటి దీర్ఘం తీసేసి, ఎగిరిపోయిన గుడి తెచ్చి రెండో అక్షరానికి పెడితే వచ్చే మాట ‘అయిన’.

అయిన గింజలు. అయిపోయినవి. కాలం తీరి, పారెయ్యడానికి అడుగున తోసేసినవి. ఎంత చూసినా అదే సరైన పాఠంలా కనిపించింది. ఒక గుడి, ఒక దీర్ఘం తేడాతో ఆమె మనుషుల్లోంచి చెత్తలోకి జారిపోయాడు. ఆవేళ అతని ముందున్న పేజీలో ‘అయిన’ అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. అందులో ఒకటి తప్పుగా పడితే చూసుకోకుండా వదిలేశాడు. అలా వదిలెయ్యడం ఇన్నేళ్ళలో అదే మొదలు.

ఇంకెవరి రాతైనా అయితే పోల్చి చూడటానికి నాలుగు ఉత్తరాలుంటాయి. ఆమె చేత్తో రాసిన కాగితం ఆ డబ్బాలో తప్ప ఇంట్లో ఎక్కడా లేదు. దానికీ కారణం ఎర్రసిరాగారే. పెళ్ళయిన ఏడాదే ఆమె నెల్లాళ్ళు పుట్టింటికి వెళ్ళి, అక్కణ్ణించి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. అతను ముచ్చటపడి, వేళాకోళానికి, ఆ ఉత్తరంలో ఇరవై ఏడు తప్పులు ఎర్రసిరాతో దిద్ది, కింద పదికి మూడు మార్కులు వేసి తిరుగు టపాలో పంపాడు. తిరిగొచ్చాక ఆమె నవ్వింది కూడా. మళ్ళీ జన్మలో అతనికి ఉత్తరం రాయలేదు. కొన్నాళ్ళకి సరుకుల చీటీలు కూడా మానేసి, కావలసినవి నోటితోనే చెప్పడం మొదలుపెట్టింది. ఉత్తరాలు రాయడానికి తీరిక లేదేమో అనుకున్నాడు ఈ మహానుభావుడు.

తేల్చుకోవడానికి ఇక ఒకటే దారి. గింజలు మొలిస్తే అవి అయిపోయినవి కావు, కాబట్టి ‘ఆయన’. మొలవకపోతే ‘అయిన’. గింజ ఒకటి చేతిలో పట్టుకుని గోడ దగ్గరికెళ్ళాడు. పొట్లం సంగతి మాత్రం చెప్పలేదు, చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

“ఇదేం గింజమ్మా?”

“బెండ. ఆ మాత్రం తెలీదా బావగారూ!”

“ఎన్నాళ్ళకి మొలుస్తుంది?”

“రాత్రంతా నానబెట్టి, పొద్దున వేలి కణుపంత లోతున పెట్టి, రోజూ కాసిని నీళ్ళు చల్లి ఊరుకోండి. వారం పడుతుంది. పది రోజులు దాటితే ఆశ వదులుకోవడమే.”

నానబెట్టాడు. రెండు మట్టి కుండీల్లో ఏడేసి గింజలు పెట్టాడు. మధ్యగది కిటికీలో పెట్టి రోజూ నీళ్ళు చల్లాడు. ఆవిడ చెప్పినవన్నీ తుచ తప్పకుండా చేశాడు, ఒక్క ఊరుకోవడం తప్ప. ఊరుకోవడం అతనికెప్పుడు చేతనైంది గనక! రెండో రోజునుంచే పొద్దునా సాయంత్రం, పాతకాలంలో సీసపు అక్షరాలు ఏరిన పట్టకారుతో గింజలు ఒక్కొక్కటే పైకి తీసి, భూతద్దం కింద పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ దాని గోతిలో దాన్ని పెట్టేవాడు. ఒక కాగితం మీద నంబర్లు వేసి, ఎదురుగా ‘మార్పు లేదు’ అని రాసేవాడు. నాలుగో రోజున మూడు గింజల కొసన తెల్లగా ఏదో కనిపించింది. ఆరో రోజుకి మరో ఏడింటికి వచ్చింది. బూజు పడుతోందనుకుని మెత్తటి గుడ్డతో ఒక్కొక్కదాన్నీ శుభ్రంగా తుడిచి పెట్టాడు.

పది రోజులు దాటాయి. మట్టి మట్టిగానే ఉంది. పన్నెండో రోజు పొద్దున కాగితం మీద ఇంకేమీ రాయలేదు. రేడియో కూడా పెట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఒక మనిషి పక్కన బతికి, చివరికి తను ఆమెకి ఏమవుతాడో కుండీలో మట్టిని అడగాల్సి వచ్చినందుకు అతనికి తన మీద తనకే జాలేసింది. కుండీలు రెండూ చంకలో పెట్టుకుని, మట్టి పారబోయడానికి పెరట్లోకి నడిచాడు. బట్టల తీగ దాటింది కూడా అప్పుడే.

“ఏంటవి బావగారూ?” గోడవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది.

“బెండ పెట్టాను. మొలవలేదు. అయిపోయిన గింజలు.”

“ఏదీ, ఇలా ఇవ్వండి.”

గోడ మీద కుండీ పెట్టించుకుని మట్టిలో వేళ్ళు దూర్చి గింజ ఒకటి తీసింది. గోటి మీద పెట్టుకుని ఎండకి పట్టుకుని చూసింది. ఇంకోటి తీసింది. ఇంకోటి.

“అయిపోవడమేంటి? ఇవి మొలకెత్తాయి. ఇదిగో, ఇక్కడ పగిలింది చూశారా? వేరు బయటికొచ్చి తెగిపోయింది. ఎవరు తెంపారు?”

“బూజనుకున్నాను,” అన్నాడతను.

“రోజూ తవ్వి చూశారా ఏంటి కొంపదీసి?”

“రోజుకి రెండుసార్లు.”

“రామ రామ! చంటిపిల్ల నిద్రపోతోందో లేదో అని గడియకోసారి తట్టి లేపినట్టుంది మీ పని. ఇంతకీ ఏ బెండ ఇది? అక్క డబ్బాలోదేనా?”

అతను జేబులోంచి ఖాళీ పొట్లం తీసి ఇచ్చాడు. ఆవిడ చదివింది. చేతిలో తడిబట్ట గోడ మీద పడేసి, అటువైపున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

“అయ్యో బావగారూ. ఇవా!”

“నేను అయిన అనుకున్నాను. గుడి మర్చిపోయిందేమోనని…”

“మీ గుడి సంగతి నాకు తెలీదు. ఇవి మీరు తెచ్చినవి. మీ కాపురం కొత్తలో బజారుకెళ్ళి సంచీడు బెండకాయలు తెచ్చారట. లావుగా, పొడుగ్గా ఉన్నవి ఏరి మరీ తెచ్చారట. ఒక్కటి కూడా కత్తికి తెగలేదట. అన్నీ ముదిరి కట్టెలైపోయాయి. మీతో అంటే చిన్నబుచ్చుకుంటారని అక్క ఊరుకుంది. ఆ పూట ఇంకేదో వండి పెట్టిందట. మీరు పుస్తకం చూస్తూ తినేశారట, బెండకాయలేవీ అని కూడా అడగలేదట.”

“తరవాత?”

“తరవాతేముంది, ఆ కాయలు కిటికీకి కట్టి ఎండబెట్టింది. ఇరవై గింజలు పెడితే మూడు మొలిచాయట. ఆ మూడింటితోనే ఈ పెరడు మొదలుపెట్టింది. ఆయన మొట్టమొదట నా చేతికి తెచ్చిచ్చినవి ఇవే అనేది. ఏటేటా మీరు తిన్న బెండకాయలు మీరు తెచ్చినవే, బావగారూ.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరెప్పుడైనా అడిగారా?”

అతను సిగ్గు దిగమింగుకుని అసలు సంగతి అడిగాడు. “నీ దగ్గర ఉన్నాయా అమ్మా ఇవి? నీకు ఇచ్చే ఉంటుంది కదా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “ఎన్నిసార్లు అడిగానో. అన్నీ తీసుకో, అవి మాత్రం అడక్కు అనేది. ఇలాంటివాటిలో అక్క మహా మొండిది.”

ఆమె ఎవరికీ ఇవ్వకుండా, ఏటా ఎండబెట్టి, ఏటా పొట్లం కట్టి ఇరవై తొమ్మిదేళ్ళు కాపాడిన గింజని అతను పన్నెండు రోజుల్లో తుడిచిపెట్టేశాడు. అతని తప్పుని ఆమె కడుపులో దాచుకుని పెరడు చేసుకుంది. ఆమె తప్పులకి అతను మార్కులు వేసి టపాలో పంపాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఎర్రసిరాకి ఏ భూతద్దమూ అక్కర్లేకపోయింది. మొహం మాత్రం కడిగిన పలకలా అయిపోయింది.

పక్కింటావిడ జాలిపడి రెండు కుండీలూ కాగితం మీద బోర్లించింది. గింజలన్నీ ఏరింది. పదింటికి వేరు తెగి ఎండిపోయింది. నాలుగు మాత్రం ఇంకా పగలకుండా గట్టిగా ఉన్నాయి.

“ఇవింకా మొండికేసి కూర్చున్నాయి. అక్క పోలికే. పెట్టి చూద్దాం. కానీ ఆ పట్టకారూ, ఆ అద్దమూ ఇటివ్వండి ముందు. మళ్ళీ చెయ్యి పెట్టారంటే వరస కూడా చూడను, చెబుతున్నాను.”

పట్టకారు, భూతద్దం ఆవిడ కుట్టుమిషను సొరుగులోకి వెళ్ళిపోయాయి. నాలుగు గింజలూ ఈసారి కుండీలో కాకుండా నేలలోనే, బట్టల తీగకి అవతల పెట్టారు. అతను రోజూ నీళ్ళు చల్లి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఆ చేతులు ఎంత దురదపెట్టాయో అతనికే తెలుసు. తొమ్మిదో రోజున మట్టి ఒకచోట చిట్లి, రెండు ఆకులు తల బయటపెట్టాయి. మిగతా మూడూ రాలేదు.

ఒక్క మొక్క. దానికి పుల్ల పాతి కట్టాడు. పురుగుల్ని చేత్తో ఏరాడు. పసుప్పచ్చటి పువ్వు పూసినరోజు ప్రెస్సుకి ఆలస్యంగా వెళ్ళాడు. లేత కాయలు రెండు వచ్చాక పక్కింటావిడ గోడ మీంచి హెచ్చరించింది.

“తినడానికి లేదు బావగారూ. ఉన్నది ఒక్క మొక్క. అన్నీ ముదరనివ్వండి.”

“నేను తెచ్చేవన్నీ ముదురువేగా,” అన్నాడు. ఆవిడ నవ్వింది. అతనూ నవ్వాడు. గోడవతల మిషను మళ్ళీ మొదలయ్యాక ఇటుపక్క మళ్ళీ ఒక్కడే మిగిలాడు.

ప్రెస్సునుంచి వచ్చాక రోజూ చీకటి పడేదాకా ఆ మొక్క దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. కాయలు పొడుగ్గా సాగి, లావెక్కి, గట్టిపడుతూ ఉంటే వాటివంక చూస్తూ ఆ బజారు రోజుని గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించేవాడు. ఏ సంచీ పట్టుకెళ్ళాడు? ఎండా, వానా? సంచీ అందుకున్నప్పుడు ఆమె ఏ చీర కట్టుకుని ఉంది? ఏమంది? ఒక్కటి కూడా గుర్తు రాలేదు. ఆమె బతికినంతకాలం దాచుకున్న రోజు అది. అతని దగ్గర ఒక పూటైనా నిలవలేదు. తను ఇచ్చిన ఒకే ఒక్క బహుమానాన్ని పక్కింటావిడ మాట మీద నమ్మాల్సి రావడం అతనికి అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

కాయలు ఎండి, ఊపితే లోపల గలగలలాడేదాకా ఆగాడు. ఒక సెలవురోజు మధ్యాహ్నం మూడు కాయలు కోసి వంటగదిలోకి తెచ్చాడు. పళ్ళెం ముందు పెట్టుకుని ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పాడు. అది ఫట్‌మని పగిలింది. గింజలు పళ్ళెంలో పడాల్సినవి పడ్డాయి, మిగతావి గచ్చు మీద నాలుగుమూలలకీ దొర్లాయి. స్టవ్వు గట్టు కిందికి కొన్ని, అలమార కిందికి కొన్ని. అతను గబగబా మోకాళ్ళ మీద కూలబడి, చెంప నేలకానించి అలమార కిందికి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

“ఇదిగో, కాస్త ఆ టార్చి ఇలా అందించు,” అన్నాడు పెరటి తలుపు వైపు చెయ్యి చాచి.

చెయ్యి అలా చాచే ఉంది. “త్వరగా” అని కూడా అన్నాడు. ఆ మాట అన్నాకగానీ తెలివిలోకి రాలేదు.

అప్పుడు ఏడ్చాడు. ఆమె పోయిననాడు కన్నీరు పెట్టలేదని, గుండె దిటవున్న మనిషని అందరూ చెప్పుకున్న ఎర్రసిరా, అలమార కింద తల పెట్టుకుని, ముక్కు చీదుకుంటూ, బిగ్గరగా ఏడ్చాడు. ఏడుపు తగ్గాక అలాగే పడుకుని, కళ్ళు కనబడకపోయినా వేళ్ళతో తడిమి తడిమి గింజలు పోగుచేశాడు. మిగతా రెండు కాయలూ పళ్ళెం మీద గుడ్డ కప్పి, దాని కింద పగలగొట్టాడు. అన్నీ కలిపి నూట పదకొండు.

రెండు కాగితాలు తీసుకుని రెండు పొట్లాలు కట్టాడు. ఒకటి డబ్బాలో పెట్టి, ఇంకొకటి పట్టుకుని, వీధి చుట్టూ తిరిగి వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాడు. ఆవిడ మెడలో టేపుతో, నోట్లో గుండుసూదితో వచ్చింది. పొట్లం విప్పి చూసి, సూది తీసి రవికెకి గుచ్చుకుంది.

“ఇవి ఇవ్వకూడదు కదా బావగారూ. అక్క ఎవరికీ ఇవ్వనంది.”

“నువ్వు ఉంచమ్మా,” అన్నాడు అతను. “అన్నీ నా ఒక్కడి దగ్గరే ఉంటే నాకు భయం.”